దుమ్ము దులుపుటకు ధనము కంటె శ్రద్ధ ముఖ్యము

వేసవి సెలవుల పిమ్మట బడి తెరచిన నాడు మనము మొట్టమొదట చేయు పని బల్లలు తుడుచుట. నల్లబల్లనుండి రాలిన సుద్దపొడియు, కిటికీలగుండ వచ్చిన ఎఱ్ఱమట్టియు, మా హోసూరు ప్రాంతమున గ్రానైటు బండ్లు రేపు దారిదుమ్మును ఆ నాటికి దళసరిగా పేరుకొని యుండును. బల్లలు తుడిచెదము, పటములు దులిపెదము. కాని కంప్యూటరు గదిలో మాత్రము యంత్రములపై గుడ్డ కప్పి, ముట్టరాదని చెప్పి తలుపు మూసెదము. గుడ్డమీది దుమ్ము కంటికి కనబడును. గుడ్డక్రింది పెట్టెలో చేరిన దుమ్ము కనబడదు. యంత్రమునకు చేటు తెచ్చునది ఆ కనబడనిదియే.

గత సంవత్సరము మా బడిలోని మూడు యంత్రములు పని నడుమ తమంతట తామే ఆగిపోవుచుండెను. మరమ్మతు చేయువా రొకరు వచ్చి, పెట్టె విప్పకయే, "ఇవి పాతబడినవి, క్రొత్తవి కొనుడు" అని చెప్పి పోయిరి. క్రొత్తవి కొను స్తోమత మనకు లేదు. పదవ తరగతి పిల్లలు ఆ యంత్రములమీదనే తెలుగున టైపు చేయుట నేర్చుకొనుచుండిరి. మా ఊరిలో అందుకు వేఱొక చోటు లేదు. తెలుగు లిపికి 1991వ సంవత్సరముననే యూనికోడు పట్టికలో స్థానము లభించినది. కాని బడిలోని యంత్రమే మూగపోయిన, ఆ స్థానము మన బిడ్డలకు దక్కునా?

ఒక శనివారము సహోపాధ్యాయుల సాయముతో మూత విప్పించి చూచితిని. ఫ్యాను క్రింది లోహపు రేకుల నడుమ దూది క్రుక్కినట్లు దుమ్ము చేరి యున్నది. రంగులు వేయు మెత్తని కుంచెతోను, రబ్బరు తిత్తితోను ఒక గంట శ్రమించితిమి. మూటిలో రెండు నేటికిని చక్కగా పనిచేయుచున్నవి. మూడవది నిజముగనే చెడినది. అన్ని జబ్బులకును దుమ్మే కారణమని నేను చెప్పను. కాని దుమ్ము దులిపి చూడకయే యంత్రమును చచ్చినదిగా ఎంచరాదని చెప్పుదును.

కారణ మేమన, కంప్యూటరునకు మెదడు వంటిదైన ప్రాసెసరు పనిచేయునపుడు వేడెక్కును. లోహపు రేకులు ఆ వేడిని గ్రహింపగా, ఫ్యాను గాలి దానిని వెలుపలికి త్రోయును. రేకుల సందులు పూడినచో గాలి ఆడదు. వేడి నూరు సెంటిగ్రేడు డిగ్రీల దరికి చేరగా, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై మొదట వేగము తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడనిచో యంత్రము ఆగిపోవును. ముక్కు మూసి పరుగెత్తుమనిన మనుష్యునకు పట్టు గతియే దానికిని పట్టును.

ఇక సాధనముల మాట. అంగళ్లలో "గాలి డబ్బా" యను పేర నొక వస్తువు అమ్ముదురు. అందున్నది గాలి కాదు. ద్రవరూపమున కుదించిన డైఫ్లోరోఈథేను గాని, టెట్రాఫ్లోరోఈథేను గాని అందుండును. మొదటిది మండు స్వభావము గలది. రెండవది అదే తూకముగల బొగ్గుపులుసు వాయువు కంటె, నూరేండ్ల లెక్కన, వేయి రెట్లకు మించి భూమిని వేడిచేయును. డబ్బాను తలక్రిందులు చేసినచో ద్రవమే చిమ్మి చర్మమును గడ్డకట్టించును. ఆ వాయువును పీల్చినవారికి గుండె ఆగి ప్రాణహాని కలుగవచ్చును. పైగా అది కొన్ని దినములలో అయిపోవును, మరల కొనవలయును. పిల్లలు మెలగు చోటికి ఇది తగిన వస్తువు కాదని నా దృఢాభిప్రాయము.

డబ్బు మిగులునని పంక్చరు అంగడి గాలియంత్రము కడకు పెట్టెను మోసికొనిపోవుటయు తప్పు. ఆ గాలిలో నీటితుంపరలు, నూనె కలసి వచ్చును, వేగమును మిక్కుటము. నోటితో ఊదినచో ఉమ్మితుంపరలు పడును. ఇల్లు ఊడ్చు వాక్యూమ్ క్లీనరు ప్లాస్టిక్ గొట్టము రాపిడి విద్యుత్తును పుట్టించి సున్నితమైన భాగములను చెఱుపవచ్చును.

మనకు వలసినవి రెండే: కెమెరా అద్దములు శుభ్రపఱచు రబ్బరు తిత్తి యొకటి, మెత్తని కుంచె యొకటి. ఒకసారి కొనిన ఏండ్ల తరబడి మన్నును. కమ్మరి కొలిమితిత్తి ఎట్లు గాలిని విసరునో ఇదియు నట్లే విసరును. యంత్రములు పదికి మించిన బడులు రెండు మూడు కూడి విద్యుత్తుతో నడచు చిన్న బ్లోయరు నొకటి కొని వంతులవారీగా వాడుకొనవచ్చును.

పని చేయు పద్ధతి యిది. మొదట యంత్రము నాపి ప్లగ్గు ఊడదీయవలయును. పెట్టెను వరండాలోనికి తెచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పెట్టె లోహభాగమును చేతితో తాకిన పిమ్మటనే లోపల చేయి పెట్టవలయును. కుంచెతో దుమ్మును కదల్చి, తిత్తితో వెలుపలికి ఊదవలయును. ఊదునపుడు ఫ్యాను రెక్కలు గిరగిర తిరుగకుండ వ్రేలితో పట్టవలయును, లేనిచో దాని ఇరుసు చెడును. కరెంటు పెట్టెను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి యుండును. దానిని వెలుపలినుండియే ఊదవలయును. రాగులు తూర్పార పట్టువాడు గాలివాలు చూచి నిలుచును గదా! మనమును గాలికి ఎదురుగ నిలువరాదు.

"మా పిల్లలను చదువుటకు పంపితిమి గాని దుమ్ము దులుపుటకు కాదు" అని కొందఱు తల్లిదండ్రు లనవచ్చును. ఆ మాట నేను తేలికగా త్రోసివేయను. బడులలో ఊడ్చుపని కొందఱు పిల్లల నెత్తిననే పడుట, అదియు వారి పుట్టుకను బట్టి పడుట, మన దేశమున జరిగిన అన్యాయమే. అందువలననే ఈ పని అందఱికిని వంతుల ప్రకారము రావలయును. బాలురు, బాలికలు అను భేదము ఉండరాదు. ముందుగా కుంచె పట్టవలసినవాడు ఉపాధ్యాయుడు. నేను పొరుగున నున్న చిత్తూరు జిల్లాలో శిక్షణ పొందునపుడు ఒక వృద్ధ గురువు మా చేత దినమున కొకరి వంతున గది ఊడ్పించెడివారు. తమ వంతు వచ్చిన నాడు తామే ఊడ్చెడివారు. అప్పుడు నాకు కోపము వచ్చెడిది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా చదువు అని చెప్పిన మాటకు అర్థము ఆ చీపురులో నున్నదని తరువాత తెలిసికొంటిని.

విద్యార్థులారా! మీకు యంత్రము తెఱమీది బొమ్మగనే తెలియును. దాని లోపలి భాగములను మీ చేతులతో శుభ్రము చేసిననాడు అది మీకు శాస్త్రపాఠ మగును. తల్లిదండ్రులారా! మిమ్ము పెద్ద చందా లడుగుటలేదు. ఒక తిత్తి, ఒక కుంచె, ప్రతి త్రైమాసిక పరీక్ష పిమ్మట ఒక శనివారపు పూట. మీలో ఎవరికైన తీరిక యున్న ఆ పూట వచ్చి మాతో నిలువుడు. మన యంత్రములు మఱి నాలుగేండ్లు పనిచేసిన, మఱి నాలుగు తరగతుల పిల్లలు తమ పేరును తమ భాషలో తామే టైపు చేసికొందురు.