డాక్టరు మారే రోజున జాగ్రత్త

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద బయల్దేరే తెలుగు తల్లిదండ్రుల సూట్‌కేసుల్లో పచ్చళ్లతో పాటు ఆరు నెలల బీపీ, షుగరు మాత్రలు కూడా ఉంటాయి. ఆ పెద్దలు అక్కడ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే వాళ్లను చూసేది అంతకుముందెన్నడూ చూడని డాక్టరు. ఆసుపత్రి గడప దాటాక మళ్లీ చూడని డాక్టరు కూడా. ఆయన్ని హాస్పిటలిస్టు అంటారు. ఈ ఏర్పాటు సంగతి తెలియకుండా విమానం ఎక్కించవద్దు.

1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో రాసిన వ్యాసంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందు క్లినిక్‌లో చూసే డాక్టరే పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి తన రోగుల్ని పలకరించి వచ్చేవారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి హాస్పిటలిస్టుల సంఖ్య 50 వేలకు చేరింది. జే-1 వీసా షరతు నుంచి మినహాయింపు (వెయివర్) కోసం చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో మూడేళ్లు ఈ ఉద్యోగం చేసే మన డాక్టర్లూ ఉన్నారు. వాళ్ల పనితనాన్ని శంకించడం లేదు. అర్ధరాత్రి ఆయాసం వస్తే పరుగెత్తుకొచ్చే డాక్టరు భవనంలోనే ఉండటం రోగికి మేలే.

ముప్పు అప్పగింతల్లో ఉంది. చాలాచోట్ల ఈ ఉద్యోగం ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు. గురువారం చేరిన మనిషిని సోమవారం నుంచి ఇంకొకరు చూడొచ్చు. రాత్రిళ్లు మరొకరు. నాన్నగారి కథంతా కొన్ని నిమిషాల మాటల్లో, నాలుగు లైన్ల నోట్‌లో చేతులు మారుతుంది. తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో ఈ అప్పగింతను ఒక పద్ధతిలో పెట్టి చూస్తే, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గిందని 2014లో తేలింది. కాబట్టి ‘నిన్న వచ్చినాయనకు చెప్పాం కదా’ అని ఊరుకోకండి. కొత్త ముఖం కనిపించిన ప్రతిసారీ మొదటినుంచి చెప్పండి, విసుక్కున్నా సరే.

మందుల దగ్గర ఇంకా పెద్ద ప్రమాదం. మన డోలోలో ఉన్న పారాసెటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ పేరుతో అమ్ముతారు. వేర్వేరు మందులనుకుని రెండూ మింగితే మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చు. గ్లైకోమెట్ జీపీ అంటే అక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు. అందులో మెట్‌ఫార్మిన్ ఒక్కటే కాదు, గ్లిమిపిరైడ్ కూడా ఉంది. సరిగా తినని రోగికి అది షుగరును ప్రమాదకరంగా పడగొట్టగలదు. అందుకే కంపెనీ పేర్లు కాదు, లోపలి మందుల పేర్లు, మోతాదులు ఇక్కడే ఇంగ్లీషులో రాయించుకుని వెళ్లాలి. మాత్రల పట్టీలు కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట. అల్లుడు దుబాసీగా నిలబడితే అత్తగారు మూత్రంలో మంట సంగతి చెప్పుకోరు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి, చట్టం అది. తెలుగు దుబాసీ కావాలని మొహమాటం లేకుండా అడగండి. ఫోన్‌లోనైనా దొరుకుతారు.

ఇక డిశ్చార్జి. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, హాస్పిటలిస్టులు చూసిన రోగుల్లో 41 శాతం మంది ఏదో ఒక పరీక్ష ఫలితం రాకముందే ఇంటికి వెళ్లారు. అక్కడివాళ్లకైతే ఆ ఫలితం పంపడానికి సాధారణంగా ఫ్యామిలీ డాక్టరంటూ ఒకరుంటారు. చుట్టపుచూపుగా వెళ్లిన మన పెద్దలకు ఆ దేశంలో ఎవరున్నారు? గదిలోంచి కదలకముందే అడగండి: ఏ ఫలితాలు రావాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, పాత మందుల్లో ఏవి ఆపారు, ఎందుకు ఆపారు? డిశ్చార్జి సమ్మరీ చేతికి వచ్చాకే బయల్దేరండి. ఆ రాత్రే దాన్ని ఇక్కడ మామూలుగా చూసే డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపించండి.