లేని శిథిలములు, ఉన్న శిథిలములు

ఇటలీ దేశస్థుడగు పిరనేసి యను చిత్రకారుని ముద్రాచిత్రముల ప్రతులను ఇటీవల మా పై తరగతివారికి చూపితిని. ఒక బాలుడు లేచి, “మాస్టారూ, ఈ కట్టడ మే యూరిలో నున్నది?” అని యడిగెను. ఎచ్చటను లేదంటిని. “లేని దానిని ఇంత శ్రద్ధగా కూల్చి చూపు టెందుకండీ?” అనెను. ఆనాడు తగిన యుత్తరము తోచలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాను.

పిరనేసి 1720లో వెనిస్ ప్రాంతమున పుట్టి, 1778లో రోము నగరమున మరణించెను. వాస్తువిద్య నేర్చినను ఆయన నిజముగా కట్టినది మిక్కిలి స్వల్పము. కట్ట వీలులేని వానినెల్ల రాగిరేకులపై కట్టెను. రేకునకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లమున నుంచినచో గీతలున్న చోటెల్ల లోహము తినివేయబడును. ఆ గాడులలో సిరా నింపి కాగితముపై నొత్తుదురు. ఈయన కొన్ని గీతలను వార్నీషుతో కప్పుచు, రేకును పలుమారు ఆమ్లమున ముంచి, పలుచని వెలుతురును కాటుకవంటి చీకటిని ఒక్క రేకుననే సాధించెను. 1740ల చివర చేసిన ‘గ్రొటెస్కి’ యను నాలుగు చిత్రములలో విరిగిన రాళ్లు, ఎముకలు, పాములు, తీగలు పెనగొని, ఏది రాయో యేది యెముకయో తడుముకొనవలసి యుండును. ఊహాకారాగృహముల చిత్రములనైతే 1761లో మరల చెక్కి, మునుపటికంటె చీకటిగా జేసి, 14 పలకలను 16 చేసెను.

ఇది బరోక్ కాలపు ఆడంబరమని త్రోసివేయువారున్నారు. నే నొప్పుకొనను. ఈయన రోములోని నిజమైన శిథిలములను ఏండ్లతరబడి పరిశీలించి, కొలిచి, 1756లో నాలుగు సంపుటములుగా ప్రకటించెను. కొలబద్ద పట్టిన చేయియే ఆ కలలను గీసినది.

మన చిత్రలేఖన తరగతిలో కొలతయు లేదు, కలయు లేదు. చిలుక, మామిడికాయ, కూజా! శిక్షణ కళాశాలలో నేనును ఘనమును గోళమును గీసియే గట్టెక్కితిని. ఏలూరు దాటినచో శాలంకాయనుల వేంగియగు పెదవేగి దిబ్బలున్నవి. గుంటుపల్లి కొండలో గుండ్రని చైత్యాలయము కప్పును కొయ్యవాసముల పోలికగా రాతిలో తొలిచినారు. మా పిల్లలలో అవి చూచినవారు వ్రేళ్లమీద లెక్కకు వత్తురు.

చూచి గీయుట కాలక్షేపము కాదు. అమరావతి స్తూపపు రాళ్లు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కాలమున కట్టడములకు తరలినవి. 1816లో కాలిన్ మెకంజీ మరల వచ్చి, మిగిలిన వానిని తన చిత్రకారులచే గీయించెను. వారు గీసిన పలకలలో పెక్కు తరువాత మాయమైనవి. లండనులోని బ్రిటిషు లైబ్రరీలో కాగితములు మాత్రము నిలిచినవి.

కావున ఏటి కొక శనివారము పిల్లలను టేపుతో పెదవేగికి గొనిపోవలెనని నా కోరిక. ఒక పుటలో ఇటుక పొడవు వెడల్పులు కొలిచి గీయవలెను. ఎదుటి పుటలో ఆ ఇటుకలపై నేమి యుండెనో తోచినట్లు గీయవలెను.

ప్రశ్న యడిగిన బాలుడు మొన్న ఒక బొమ్మ తెచ్చెను. మన పాఠశాలయే: వరండా స్తంభములు కూలినవి, గంటకు పొట్లపాదు ప్రాకినది, నా కుర్చీలో మేక పండుకొన్నది. మార్కు లెన్ని వేయవలెనో యింకను తేల్చుకొనలేదు.