ఆరోగ్య రక్షణ: నిబంధనల మాటున కులం

2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు 54 మందిని బలితీసుకుంది. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్లు సైతం దొరకలేదు. మృతుల్లో ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. అది న్యాయమే. అయితే చనిపోయిన కార్మికుడికి విలువ కట్టిన ఈ వ్యవస్థలో, బతికి ఉన్న కార్మికుడు జబ్బుపడితే ఏ చట్టం కింద, ఏ ఆసుపత్రిలో, ఎవరి ఖర్చుతో వైద్యం పొందాలన్న ప్రశ్నకు ఇప్పటికీ సరైన సమాధానం లేదు. పటాన్‌చెరు నుంచి బొల్లారం, జిన్నారం వరకు విస్తరించిన పారిశ్రామికవాడల్లో ఈ ప్రశ్న నిత్యం ఎదురవుతూనే ఉంది.

భారత కార్మికుడికి ఆరోగ్య బీమా ఒకరి దయతో వచ్చినది కాదు. డాక్టర్ అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే ప్రొఫెసర్ బి.పి. అడార్కర్ ఆరోగ్య బీమా పథకాన్ని రూపొందించి 1944లో నివేదిక సమర్పించారు. దాని పునాదిపైనే 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతిలో విలీనమైంది. ప్రమాదకర వృత్తులుగా కేంద్రం ప్రకటించిన చోట ఒక్క కార్మికుడున్నా ఈఎస్‌ఐ వర్తింపజేసే అవకాశం, పనికి వస్తూ పోతూ దారిలో ప్రమాదానికి గురైనా పరిహారం వంటి మంచి మార్పులు ఇందులో ఉన్నాయి. వాటిని స్వాగతించాల్సిందే. కానీ చట్టం ఎవరికి అందుతుందో తేల్చేది పీఠికలోని ఆశయాలు కావు, అర్హతను నిర్ణయించే చిన్న చిన్న నిబంధనలు. కులం నిశ్శబ్దంగా పనిచేసేది అక్కడే.

మొదట రోజుల లెక్క చూద్దాం. ఈఎస్‌ఐ నిబంధనల ప్రకారం అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతం భృతి పొందాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ కావాలి. పర్మినెంటు ఉద్యోగికి అది సమస్యే కాదు. కాంట్రాక్టు కార్మికుడి స్థితి వేరు. గుత్తేదారు మారినప్పుడు పేరు నమోదు కాదు, నమోదైనా కొన్ని నెలల చందా జమ కాదు. పనిచేసిన రోజులకూ రికార్డుకెక్కిన రోజులకూ పొంతన ఉండదు. రియాక్టర్లు కడగడం, బాయిలర్ బూడిద ఎత్తడం, ద్రావకాల డ్రమ్ములు మోయడం వంటి పనులు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఏ కర్మాగారం గేటు దగ్గర నిలబడినా తెలుస్తుంది. భూమి లేని దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవారే ఆ వరుసలో ముందుంటారు. 78 అనే అంకెకు కులం లేదు. ఆ అంకెను చేరుకోలేనివారికి మాత్రం కులం ఉంది.

రెండోది వేతన పరిమితి. 2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000 రూపాయల దగ్గరే నిలిచిపోయింది. మరోవైపు తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. నెలకు 22,000 సంపాదించే కార్మికుడు ఈఎస్‌ఐ నుంచి బయటపడతాడు. అతని వార్షికాదాయం 2.64 లక్షలు కాబట్టి కార్డుకూ, దాని ద్వారా వచ్చే ఆరోగ్యశ్రీకీ అర్హుడు కాడు. ఏళ్ల తరబడి కష్టపడి కాస్త వేతనం పెంచుకున్న మొదటి తరం ఉద్యోగికి ఆ పెంపుదలే శిక్షగా మారుతోంది. తాతల ఆస్తి లేని ఇంట్లో ఒక్క శస్త్రచికిత్స చాలు, ఆ కుటుంబం మళ్లీ అప్పుల్లోకి జారడానికి.

మూడోది ఆరోగ్యశ్రీ స్వభావం. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా 10 లక్షలకు పెంచారు. అంకె పెద్దదే. అయినా ఇది శాసనసభ చేసిన చట్టం కాదు, ట్రస్టు ద్వారా ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచే పథకం. 2025 సెప్టెంబరులో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసినప్పుడు, ఇది నా హక్కు అని నిలదీయడానికి రోగి చేతిలో చట్టం లేకపోయింది.

ఇక వలస దళితుడి సంగతి మరీ విచిత్రం. ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డు కులం హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్తే వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బిహార్‌లో షెడ్యూల్డు కులంగా గుర్తింపు పొందిన ముసహర్ యువకుడు ఇస్నాపూర్‌లో అద్దె గదికి చేరగానే చట్టం దృష్టిలో దళితుడు కాకుండా పోతాడు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టంలోని మూడు గ్రూపుల్లోనూ అతను లేడు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద బియ్యం దొరకవచ్చు గానీ ఆ కార్డుతో ఆరోగ్యశ్రీ దొరకదు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందని రాతలో ఉంది. ఆ కార్డు సొంతూరిలోని కుటుంబం దగ్గర, రోగి ఇక్కడ. పనిలో, బస్తీలో, పిలుపులో కులం అతన్ని వెంటాడుతుంది. కులం పేరిట రావలసిన రక్షణ మాత్రం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

అందరికీ ఒకే నిబంధన ఉన్నప్పుడు వివక్ష ఎక్కడిదని కొందరు అడుగుతారు. అసమాన స్థితిలో ఉన్నవారికి ఒకే కొలబద్ద పెడితే అసమానత కొనసాగుతుందన్నదే రిజర్వేషన్ల వెనుక ఉన్న రాజ్యాంగ తర్కం. ఆ తర్కాన్ని విద్య, ఉద్యోగాల వరకే పరిమితం చేసి ఆసుపత్రి గుమ్మం దగ్గర మరచిపోవడం న్యాయం కాదు. ఖజానా భారం గురించిన అభ్యంతరమూ వినిపిస్తుంది. ఈఎస్‌ఐలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లిస్తారు. వసూలు కావలసిన చందాను సక్రమంగా వసూలు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రులపై పడే భారమే తగ్గుతుంది.

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశాలు. కాబట్టి రాష్ట్రం చేయగలిగింది చాలా ఉంది. ఆరోగ్యశ్రీకి శాసన రూపం ఇచ్చి, కార్డుతో పాటు తెలంగాణలో పని చేస్తున్నట్టు చూపే ఆధారాన్ని కూడా అర్హతగా గుర్తించాలి. ఆసుపత్రుల బకాయిలకు చట్టబద్ధమైన గడువు విధించాలి. కర్మాగారాల లైసెన్సు పునరుద్ధరణను కాంట్రాక్టు కార్మికుల ఈఎస్‌ఐ చందా రికార్డుతో ముడిపెట్టాలి. కేంద్రంపై వేతన పరిమితి పెంపునకు ఒత్తిడి తేవాలి, అప్పటివరకు ఈఎస్‌ఐకీ కార్డుకూ మధ్య మిగిలిపోయినవారిని ఆరోగ్యశ్రీలోకి తీసుకోవాలి. కులగణన చేసిన ప్రభుత్వం ఆరోగ్య పథకాల లబ్ధిదారుల వివరాలనూ కులాలవారీగా, జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి. లెక్క బయటకు వస్తేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

చట్టం ఒక్కటే చాలదన్న పాఠమూ మన ముందుంది. దేశంలో మొదటిసారిగా 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసిన రాజస్థాన్‌లో రెండేళ్లు దాటినా నిబంధనలు వెలువడక ఆ హక్కు కాగితానికే పరిమితమైంది. నిబంధనలు రాసే చోట పీడిత కులాల గొంతు లేకపోతే ఎంత గొప్ప చట్టమైనా అక్కడే ఆగిపోతుంది. విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు, కుల నిర్మూలన ఉద్యమాలు ఇకపై చట్టాల పేర్లతో సరిపెట్టుకోకుండా వాటి నిబంధనలను వాక్యం వాక్యం చదవాలి. ముసాయిదా దశలోనే అభ్యంతరం చెప్పాలి. పాశమైలారంలో మరో సైరన్ మోగకముందే ఆ పని మొదలుకావాలి.