ముందు బ్యాటరీ తీసేయండి, అప్పుడు మాట్లాడదాం

ఎండ అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, డీజిల్ అసలే అక్కర్లేదు. మొదట ఒక్కసారి బ్యాటరీ తగిలిస్తే చాలు, ఆ తర్వాత సర్క్యూట్ తన కరెంటు తానే పుట్టించుకుని ఇల్లంతా వెలిగిస్తుందని చెప్పే వీడియోలు మన ఫోన్లలోకి వస్తూనే ఉంటాయి. బళ్లారిలో ఉన్నా, హోసూరు, షోలాపూర్, బరంపురం, యానాంలో ఉన్నా మన ఇళ్లకు కరెంటు బిల్లు చిన్న ఖర్చు కాదు. మరమగ్గాలు నడుపుకునే కుటుంబానికైతే అది నెల గడవడానికి సంబంధించిన లెక్క. పైగా వీడియోలో వినిపించేది మన భాష. మనవాడే కనిపెట్టాడట, పెద్ద కంపెనీలు తొక్కేస్తున్నాయట అనే మాట కూడా తోడైతే అడ్వాన్సు కట్టడానికి చెయ్యి జేబులోకి వెళ్తుంది.

మేము ఇక్కడ ఎవరినీ దొంగ అనబోవడం లేదు. ఇలాంటి మాటలు చెప్పేవారిలో మోసగాళ్లూ ఉంటారు, మనస్ఫూర్తిగా నమ్మి చెప్పేవారూ ఉంటారు. చిక్కంతా అక్కడే. మనిషి మంచివాడని తేలినంత మాత్రాన సర్క్యూట్ సంగతి తేలదు. దాన్ని తేల్చేది పరీక్ష ఒక్కటే. ఆ పరీక్ష ఎలా ఉండాలో తెలియాలంటే, కోర్టు దాకా వెళ్లిన ఒక పాత వివాదం చూడాలి.

న్యూమన్ యంత్రం కథ

అమెరికాలోని మిసిసిపి రాష్ట్రానికి చెందిన జోసెఫ్ న్యూమన్ ఒక యంత్రం చేశాడు. పెద్ద రాగి తీగ చుట్ట, అందులో తిరిగే అయస్కాంతం, కరెంటును ఆపుతూ వదులుతూ ఉండే స్విచ్, వీటన్నిటికీ బ్యాటరీల వరుస. లోపలికి వెళ్లే శక్తి కంటే బయటకు వచ్చేది ఎక్కువని ఆయన వాదన. 1979లో పేటెంటుకు దరఖాస్తు పెడితే పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. న్యూమన్ కోర్టుకెక్కాడు.

ఆయన వెనక ఉన్నవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. యంత్రాన్ని చూసి అనుకూలంగా అఫిడవిట్లు ఇచ్చిన సాంకేతిక నిపుణులు ఉన్నారు. కోర్టు నియమించిన ప్రత్యేక పరిశీలకుడు స్వయానా పేటెంట్ కార్యాలయానికి పూర్వ కమిషనర్. ఆయన కూడా సాక్ష్యం న్యూమన్ వైపే ఉందని నివేదిక ఇచ్చాడు. అయినా న్యాయమూర్తి అంతటితో ఆగలేదు, యంత్రాన్ని పరీక్షకు పంపమన్నారు. 1986లో అమెరికా ప్రభుత్వ కొలతల ప్రయోగశాల, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్, ఆ పని చేసింది. ఏ పరిస్థితిలో కొలిచినా బయటకు వచ్చిన శక్తి లోపలికి వెళ్లిన దానికంటే తక్కువే. వంద లోపలికి వెళ్తే బయటకు వచ్చింది 26 నుంచి 67 మధ్య. న్యూమన్ ఈ ఫలితాన్ని ఒప్పుకోలేదు. 1989లో అప్పీలు కోర్టు కూడా పేటెంటు నిరాకరణనే సమర్థించింది.

ఇందులో మనకు పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. కళ్లారా చూసి సంతకం పెట్టిన నిపుణులకు ఎక్కువగా కనిపించిన శక్తి ప్రయోగశాలకు ఎందుకు కనిపించలేదు?

ఒకే సర్క్యూట్, మూడు జవాబులు

ఇలాంటి సర్క్యూట్లలో కరెంటు నిలకడగా పారదు, దెబ్బలు దెబ్బలుగా వచ్చి పోతుంది. తేడా అంతా అక్కడే పుడుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 10 ఓమ్‌ల రెసిస్టరు మీద 10 వోల్టులు పడుతున్నాయనుకుందాం. అయితే ఆ వోల్టేజి ఎప్పుడూ ఉండదు, ప్రతి సెకనులో పదో వంతు కాలమే ఉంటుంది. ఉన్నప్పుడు పారే కరెంటు 1 ఆంపియర్.

శిఖర వోల్టేజిని శిఖర కరెంటుతో గుణిస్తే 10 వాట్లు వస్తాయి. సగటు వోల్టేజి 1, సగటు కరెంటు 0.1 కాబట్టి, ఆ రెండింటినీ గుణిస్తే 0.1 వాటు వస్తుంది. నిజం ఈ రెండూ కాదు. 10 వాట్ల శక్తి పదో వంతు కాలమే ఉంది కాబట్టి అసలు జవాబు 1 వాటు. సర్క్యూట్ ఒకటే, దాని జవాబులు మాత్రం పది రెట్లు పైకీ పది రెట్లు కిందికీ పోయాయి.

ఇప్పుడు బ్యాటరీ వైపు మామూలు మల్టీమీటరుతో కొలిచి, 12 వోల్టులు, సగటున 0.1 ఆంపియర్, అంటే 1.2 వాట్లు అని రాసుకున్నారనుకోండి. బయట వైపు మాత్రం ఆసిలోస్కోప్ తెర మీద కనిపించిన శిఖరాలను గుణించి 10 వాట్లు అని రాశారు. ఎనిమిది రెట్లు శక్తి పుట్టుకొచ్చింది! నిజానికి 1.2 వాట్లు పెట్టి 1 వాటు తెచ్చుకున్నారు. ఇందులో మోసం ఉండాల్సిన అవసరమే లేదు. రెండు వైపులా రెండు రకాల తూకపురాళ్లు వాడితే నిజాయితీగల వర్తకుడి లెక్క కూడా తప్పుతుంది. వోల్టేజిని, కరెంటును క్షణక్షణానికీ గుణించి ఆ గుణకారానికి సగటు తీసే పరికరం కావాలి. దాన్నే రెండు వైపులా వాడాలి.

బ్యాటరీ చేసే మాయ

రెండో పొరపాటు బ్యాటరీ దగ్గర జరుగుతుంది. మూడు గంటలు బల్బు వెలిగించాం, బ్యాటరీ వోల్టేజి ఏమీ తగ్గలేదు అంటారు. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ చిన్న యూపీఎస్ బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడు 84 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 1 వాటు ఎల్‌ఈడీని అది లెక్క ప్రకారం మూడు రోజులకు పైగా వెలిగించగలదు. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే 10 వాట్ల బల్బును వారం దాకా నడిపించగలదు. కాబట్టి పూట పాటు జరిగే ప్రదర్శన దేన్నీ రుజువు చేయదు. పైగా వాడకం ఆపి కాసేపు విశ్రాంతినిస్తే బ్యాటరీ వోల్టేజి దానంతటదే కొంత పైకి లేస్తుంది. అది కొత్తగా పుట్టిన శక్తి కాదు. వోల్టేజి చూసి బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పడం, డ్రమ్ము బయట తట్టి చూసి నీళ్లెన్ని ఉన్నాయో చెప్పడం లాంటిది.

అందుకే అన్నిటికంటే సూటి పరీక్ష ఇది. బయటకు వచ్చే కరెంటును తిప్పి లోపలికే ఇవ్వండి, బ్యాటరీని పూర్తిగా తీసేయండి. నిజంగా పెట్టిన దానికంటే ఎక్కువ వస్తుంటే యంత్రం ఆగకూడదు, పైగా పక్కన బల్బు కూడా వెలగాలి. మీటర్ల వాదన వద్దనుకుంటే వేడితో కొలవవచ్చు. 100 వాట్లు వస్తున్నాయంటే, వేడి బయటికి పోని పాత్రలో ఉన్న 10 లీటర్ల నీళ్లు గంటలో సుమారు 8.6 డిగ్రీలు వేడెక్కాలి. నీళ్లకు పల్సులతో పని లేదు.

షరతులు ముందే రాసుకోవాలి

ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు చెందిన స్టియోర్న్ అనే కంపెనీ 2006లో పత్రికా ప్రకటన ఇచ్చి మరీ, తమ పరికరాన్ని పరీక్షించమని శాస్త్రవేత్తలను సవాలు చేసింది. 2007లో లండన్‌లో పెట్టదలచిన బహిరంగ ప్రదర్శన రద్దయింది. దీపాల వేడి వల్ల సమస్య వచ్చిందన్నారు. 2009లో 22 మంది సభ్యుల నిర్ణేతల బృందం, శక్తి పుడుతుందని కంపెనీ చూపలేకపోయిందని ఏకగ్రీవంగా చెప్పింది. పరీక్షకు ముందే రెండు పక్షాలూ కూర్చుని ఏ పరికరంతో కొలుస్తాం, ఎన్ని గంటలు నడుపుతాం, ఏ ఫలితం వస్తే ఓడినట్టు అని రాసుకుంటే తర్వాత దీపాల మీద నెపం వేసే వీలుండదు. ఆ కాగితం ఆవిష్కర్తకూ రక్షణే. ఓడినట్టు ఎప్పుడు ఒప్పుకుంటారని అడిగితే జవాబు చెప్పనివారికి డబ్బు ఇవ్వనక్కర్లేదు.

మన పక్క ఊళ్లోనే జరిగింది

ఇదంతా పరాయి దేశాల కథ అనుకోనక్కర్లేదు. తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడ్డ రాజపాళయానికి దగ్గరలోని ఇడయంకుళం నుంచే 1996లో రామర్ పిళ్లై మూలికల పెట్రోలు దేశమంతా మారుమోగింది. అది సర్క్యూట్ కాదు, నీళ్లలో ఆకులు మరిగిస్తే ఇంధనం వస్తుందన్న వాదన. కానీ నడిచిన దారి అదే. పల్లెటూరి కుర్రాడి ప్రతిభ, ప్రదర్శన చూసి మెచ్చుకున్న పెద్దలు, ఆ తర్వాత అమ్మకాలు. పెట్రోలియం రసాయనాలను కలిపి అమ్మారని సీబీఐ కేసు పెట్టింది. 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. మొదటి చప్పట్లకూ ఆ తీర్పుకూ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. ఈ మధ్యలో కొన్నవాళ్ల డబ్బు సంగతి వేరే చెప్పాలా?

మన ఇంట్లో చేసుకోగల పరీక్ష

ప్లగ్గులో పెడితే బిల్లు సగం అవుతుందనే డబ్బాలు కూడా ఈ కోవలోవే. వాటిలో సాధారణంగా ఒక చిన్న కెపాసిటర్, ఒక దీపం ఉంటాయి. పవర్ ఫ్యాక్టర్‌ను లెక్కలోకి తీసుకునే పారిశ్రామిక కనెక్షన్లలో, సరైన కొలతతో పెట్టిన కెపాసిటర్లు నిజంగానే మేలు చేస్తాయి. ఇంటి మీటరు మాత్రం యూనిట్లనే లెక్కిస్తుంది, దానికి ఈ డబ్బాతో పని లేదు. నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క ఫ్యాన్ ఉంచండి. మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని రాసి ఉంటే, 75 వాట్ల ఫ్యాన్‌కు పావుగంటలో ఎర్రదీపం సుమారు 60 సార్లు మిణుకుతుంది. డబ్బా పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కపెట్టండి.

పేటెంటు నంబరు చూపిస్తే అది దరఖాస్తా, మంజూరైన పేటెంటా అని అడగండి. ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన వాటికి పేటెంటు ఉండదని మన 1970 చట్టంలోని 3వ సెక్షనే చెబుతోంది.

తమిళనాడులో ఇళ్లకు వచ్చే 100 ఉచిత యూనిట్లయినా, కర్ణాటక గృహజ్యోతి అయినా ఖర్చు లేనివి కావు, ఖజానా కడుతోంది. ఇంటి కప్పు మీది సౌర పలకకు శక్తి సూర్యుడిస్తున్నాడు. దానికి 2024లో మొదలైన కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. బిల్లు తగ్గించుకోవాలనుకునే కుటుంబం ముందు ఆ లెక్క వేసుకోవచ్చు.

పరాయి రాష్ట్రంలో మనం ఇన్ని తరాలు నిలబడింది ఒకరి మాట ఒకరు నమ్మడం వల్ల. చీటీలు, చేబదుళ్లు, పెళ్లి సంబంధాలు అన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి. అందుకే మనవాడే అనే మాటతో ఎవరైనా సర్క్యూట్ అమ్మడానికి వస్తే మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, బ్యాటరీ తీసేసి ఒక వారం నడిపి చూపించమని అడుగుదాం. నిజంగా కనిపెట్టినవాడైతే ఆ మాటకు నొచ్చుకోడు.