జ్వరానికి కూడా 108 ఎందుకు పిలుస్తున్నారు?

రాత్రి రెండు గంటలు. పాతబస్తీలో ఓ ఇరుకు గల్లీ, రెండో అంతస్తులో అద్దె ఇల్లు. మూడు రోజులుగా జ్వరంతో ఉన్న దాదీకి వాంతులు మొదలయ్యాయి. గల్లీ చివర ఆటోవాలా నిద్రలో ఉన్నాడు. యాప్‌లో బండి దొరకడం లేదు. బస్తీ దవాఖానా తెరవాలంటే తెల్లారాలి. చివరికి ఇంట్లో ఎవరో ఒకరు 108కి ఫోన్ కలుపుతారు. హైదరాబాద్‌లోనే కాదు, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్‌లలోనూ ఇలాంటి రాత్రులు చాలా ఇళ్లు చూశాయి.

ఇది అత్యవసరమా? డాక్టర్ల లెక్కలో చాలాసార్లు కాదు. ఆ ఇంటివాళ్ల లెక్కలో మాత్రం అవును. ఇలాంటి ఫోన్లను 'దుర్వినియోగం' అని తీసిపారేసే ముందు, ఈ రెండు లెక్కలు ఎందుకు కలవడం లేదో చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు రోడ్డు ప్రమాదం జరిగితే దొరికిన ఆటోయో, లారీయో దిక్కు. ఆ తర్వాత ఇతర రాష్ట్రాలూ ఇదే బాట పట్టాయి. ఈ నంబర్ ఇప్పుడు చిన్న పిల్లలకూ నోటికి వచ్చు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది. పేదవాడికి ఇంత నమ్మకంగా పలికే ప్రభుత్వ నంబర్లు ఎన్ని ఉన్నాయి?

కూలి పోతుందనే లెక్క

మొదటి కారణం డబ్బు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఓపీ చూసేది ఎక్కువగా ఉదయం పూటే. చీటీ కోసం లైను, డాక్టర్ కోసం లైను, మందుల కోసం మరో లైను. రోజు కూలీకి వెళ్లేవాడికి ఆ పూట గడిచిందంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. ప్రైవేటుకు వెళితే ఫీజు, టెస్టులు. అందుకే 'రేపు చూద్దాంలే' అని నెట్టుకొస్తారు. పగలు చూపించుకోని జబ్బు రాత్రికి ముదురుతుంది.

రెండోది భయం. మామూలు గ్యాస్ నొప్పా, గుండెపోటా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చడం కష్టం. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే కనిపించవచ్చు. అలాంటప్పుడు ఫోన్ చేసినవాళ్లను తప్పుపట్టలేం.

మూడోది ఒక నమ్మకం. అంబులెన్స్‌లో దిగితే క్యాజువాలిటీలో త్వరగా చూస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ వరుసను రోగి పరిస్థితి నిర్ణయించాలి, వచ్చిన బండి కాదు.

ఇక నాలుగోది అసలు సమస్య. మంచం పట్టిన పెద్దాయనను మెట్ల మీదుగా దించి ఆటోలో కూర్చోబెట్టలేరు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లదీ ఇదే అవస్థ. వీళ్లది ప్రాణాపాయం కాదు, కానీ బండి అవసరం నిజం. ప్రైవేటు అంబులెన్స్ అడిగినంత ఇచ్చుకోలేరు. ఆటోకీ 108కీ మధ్య వీళ్లకు అందుబాటులో మరో వాహనం లేదు.

మూల్యం ఎవరిది?

ఉచితం అంటే ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చు వేరే ఇంటి మీద పడుతుంది. ఒక బండి రోగి దగ్గరకు వచ్చి, ఆస్పత్రిలో అప్పగించి, శుభ్రం చేసుకుని తిరిగి తన చోటికి చేరేసరికి చాలా సమయం పడుతుంది. ఆలోగా అదే ప్రాంతంలో ఎవరైనా కుప్పకూలితే దూరం నుంచి మరో బండి రావాలి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే. ఆ కుప్పకూలేది మన గల్లీవాళ్లే కావచ్చు.

దారి ఏమిటి?

ప్రభుత్వం ప్రజలకు బుద్ధి చెబితే సరిపోదు. పేదల బస్తీల్లో రాత్రి కూడా డాక్టర్ ఉండే దవాఖానాలు కొన్నైనా కావాలి. నడవలేని రోగులకు ముందే బుక్ చేసుకునే ప్రత్యేక వాహనాలు కావాలి. గర్భిణుల చెకప్‌లకు తెలంగాణలో 102 వాహనాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కాన్పు తర్వాత తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటికి చేరుస్తుంది. అదే ఏర్పాటు మంచం పట్టిన పెద్దలకూ విస్తరించవచ్చు.

మొహల్లాల చేతిలోనూ కొంత ఉంది. రాత్రిపూట పిలిస్తే వచ్చే నలుగురు ఆటోవాలాల నంబర్లు మస్జిద్ నోటీసు బోర్డు మీద రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అంబులెన్స్ నడిపే కమిటీలు, సొసైటీలు వారానికి కొన్ని ట్రిప్పులు డయాలసిస్ రోగులకు కేటాయించవచ్చు.

ఇళ్లలో గుర్తుంచుకోవాల్సింది ఇంతే. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, ఫిట్స్, ఆగని రక్తం, కాలిన గాయాలు, పాము కాటు, పురిటి నొప్పులు... వీటిలో ఏది కనిపించినా రెండో ఆలోచన లేకుండా 108కి చేయాలి. ఏదో తేల్చుకోలేనప్పుడు కూడా చేయాలి. పాత మోకాలి నొప్పికీ, రిపోర్టులు చూపించుకోవడానికీ మాత్రం పగటిపూట దవాఖానాకు వెళ్లాలి. ఆ పగటి దవాఖానా కూలి పోకుండా చూపించుకునేలా ఉంటే, రాత్రి ఫోన్లు వాటంతట అవే తగ్గుతాయి.