వంకర గోడకు తిన్నని బండ

అమీర్‌పేటలో రూం వెతికేటప్పుడు మనం అడిగేవి మూడే: అద్దె ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి, మెట్రోకి ఎంత దూరం. వంటగట్టు ఎలా ఉందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. ఓనర్లకీ ఈ సంగతి తెలుసు. అందుకే మైత్రీవనం వెనక సందుల్లో ఒక్కో ఫ్లోర్‌ని పోర్షన్లుగా కోసి, చివర్లో మిగిలిన నాలుగడుగుల జాగాలో ఓ గ్రానైట్ బండ పడేసి "కిచెన్" అంటున్నారు. "ఆర్నెల్లుండి పోయే పిల్లలకు ఇది చాలదా?" అంటాడు మా ఓనర్ అంకుల్. చాలదనే నా వాదన. పిల్లలు మారతారు గానీ ఆ గట్టు ముందు ఎవరో ఒకరు ఏడాది పొడుగునా నిలబడుతూనే ఉంటారు కదా.

మా వంటగది వెడల్పు తలుపు దగ్గర 48 అంగుళాలు, కిటికీ దగ్గర 46. గట్టు లోతు 24. పెద్ద ఇళ్ల లెక్కే ఇక్కడా దించేశారు. ఇంక మనిషికి మిగిలింది రెండడుగులు. ఒకడు గంజి వారుస్తుంటే ఇంకొకడు వెనకనుంచి దూరాలి. పోయిన నెల మా రూమ్మేట్ చెయ్యి కాలింది అలాగే. రెండు బర్నర్ల స్టవ్‌కి 15 అంగుళాలు చాలు. గట్టు 20కి తగ్గించి, చిన్న సింక్ పెడితే నిలబడే చోటు నాలుగంగుళాలు పెరుగుతుంది. నాలుగంగుళాలేగా అనకండి, గంజి గిన్నె పట్టుకుని చూడండి.

ఇక వెనక గోడ. అది తిన్నగా లేదు, బండేమో తిన్నగా కోశారు. మధ్యలో వేలు పట్టేంత సందు. అందులో వైట్ సిమెంట్ నింపారు, అది పగిలింది, లోపలికి నీళ్లు దిగాయి, బొద్దింకలు కాపురం పెట్టాయి.

పంజాగుట్టలో మా పిన్ని వాళ్ల పాత ఫ్లాట్‌లో కిచెన్ కూడా ఇంతే ఇరుకు. కానీ అక్కడ పనిచేసిన మేస్త్రీ ముందు టేపు తీయలేదు, ఫ్రిజ్ అట్టపెట్టె అడిగాడు. అట్టని గోడకి ఆనించి, సందు ఎక్కడ ఎక్కువుందో చూసి, వృత్తలేఖినిని అంత వెడల్పుకి తెరిచి, ముల్లు గోడ వెంట జరుపుతూ పెన్సిల్‌తో అట్ట మీద గీత గీశాడు. గోడ వంపంతా అట్ట మీదికి దిగింది. ఆ గీత మీద కోసిన అట్టే బండకి నమూనా. "గోడ వంకరుంటే రాయి గూడ వంకర కొయ్యాలె పిన్నీ, గోడను ఒత్తిపెట్టలేం గదా" అన్నాడట. (ఆయనకూ పిన్నే!) అతుకు కూడా సింక్ పక్కన పెట్టలేదు, స్టవ్‌కీ సింక్‌కీ మధ్య పొడిగా ఉండేచోట పెట్టాడు. పిన్ని పొట్టి కాబట్టి ఎత్తు 31 అంగుళాలే.

ఇరుకు అనేది సాకు కాదు. 1926లో మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్లకి గీసిన వంటగది 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైళ్లలోని వంటపెట్టెల్ని చూసి నేర్చుకుందట. అడుగులు లెక్కపెట్టి ఏది ఎక్కడుండాలో తేల్చింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు.

మన ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో మాత్రం ప్రతి మూలా 90 డిగ్రీలే. రసమట్టం, మూలమట్టం పట్టుకుని ఒక నిజం గదిని కొలిచే ల్యాబ్ ఒక్కటి లేదు. నన్నడిగితే ఫస్టియర్‌లో ఒక షీట్ తీసేసి ఇది పెట్టాలి. బ్రాంచ్ ఏదైనా సరే.

సివిల్ ఫ్రెండ్స్ ఇద్దర్ని పిలిచి మా గట్టుకి అట్ట నమూనా తీయించాను. 20 మిల్లీమీటర్ల బండ, అయిదడుగుల పొడవు, 20 అంగుళాల లోతు, అంటే సుమారు 42 కిలోలు. ఇద్దరు మోస్తే మూడో అంతస్తుకి ఎక్కుతుంది. అట్ట మంచం కింద రెడీగా ఉంది. ఓనర్ అంకుల్ ఇంకా సరే అనలేదు, మళ్లీ ఆదివారం వెళ్తున్నాం.