పుట్టిన వూరూ, పెరిగిన వూరూ

“మీ సొంత వూరేది?” అని ఎవరైనా అడిగితే మన యిళ్లలో పెద్దలు ఒక పేరు చెబుతారు, పిల్లలు మరొక పేరు చెబుతారు. ఈ చిక్కు మనకు మాత్రమే వున్నదనుకోనక్కరలేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీకి నైరుతి దిక్కున సుమారు 120 కిలోమీటర్ల దూరంలో బౌరల్ అనే చిన్న వూరున్నది. ఆ వూరివారు మావాళ్లని గర్వంగా చెప్పుకొనే యిద్దరూ అక్కడ పుట్టినవారు కారు.

ఒకరు క్రికెట్ వీరుడు డాన్ బ్రాడ్‌మన్. 1908లో కూటముండ్రలో పుట్టాడు. రెండున్నరేళ్ల పిల్లవాడుగా వుండగా తల్లిదండ్రులు బౌరల్ చేరారు. షెపర్డ్ వీధిలోని వారి యింటి పెరట్లో నీళ్ల ట్యాంకు, దాని క్రింద ఇటుకల దిమ్మె. ఆటకు తోడు లేని ఆ కుర్రవాడు గోల్ఫు బంతిని దిమ్మెకేసి కొట్టి, అది ఎటు ఎగిరివచ్చినా ఒక స్టంపుతో తిప్పి కొట్టేవాడు. పధ్నాలుగో ఏట బడి మాని, యిళ్లూ స్థలాలూ అమ్మిపెట్టే ఆఫీసులో గుమాస్తాగా కుదిరాడు. ఆ గుమాస్తాయే తరువాత 52 టెస్టులలో 6,996 పరుగులు తీశాడు. సగటు 99.94. 1948లో తన చివరి ఇన్నింగ్సులో మరి నాలుగు పరుగులు తీసివుంటే సరిగ్గా నూరయ్యేది. తీసింది సున్న!

రెండవవారు హెలెన్ గాఫ్. 1899లో క్వీన్స్‌లాండ్‌లోని మేరీబరోలో పుట్టింది. తండ్రి బ్యాంకు మేనేజరు. ఆయనను గుమాస్తాగా దించారు. 1907లో కాలం చేశాడు. ముగ్గురు ఆడపిల్లలతో మిగిలిన తల్లి, అత్త వరుస ముసలావిడ ఆదరువుతో బౌరల్ వచ్చి కాపురం పెట్టింది. ఒక గాలివాన రాత్రి ఆ తల్లి దుఃఖం పట్టలేక, ఏట్లో పడతానని యిల్లు విడిచి వెళ్లింది. హెలెన్ చెల్లెళ్లిద్దరినీ నిప్పు దగ్గర కూర్చోబెట్టుకొని, దుప్పటి కప్పి, మాయల తెల్లగుర్రం కథ అల్లి చెప్పసాగింది. తల్లి తడిసి తిరిగివచ్చింది. ఈ సంగతి హెలెనే తరువాత చెప్పుకొన్నది.

తండ్రి పేరులోని ‘ట్రావర్స్’ను కలం పేరులో చేర్చుకొని ఆమె 1934లో ‘మేరీ పాపిన్స్’ ప్రకటించింది. అందులోని యింటి యజమాని బ్యాంకు ఉద్యోగి కావడం వూరికే కాదు గదా!

బ్రాడ్‌మన్ 2001లో అడిలైడ్‌లో కన్నుమూస్తే చితాభస్మాన్ని బౌరల్‌లోనే చల్లారు. మేరీ పాపిన్స్ విగ్రహమూ ఆ వూళ్లో వున్నది. బౌరల్ వాళ్లకిచ్చినదల్లా ఒక పెరడు, ఒక నీడ.

ఇకమీదట సొంత వూరేదని అడిగితే మన పిల్లలు పెరిగిన వూరి పేరే చెప్పినా, వాళ్లను కసరుకోకండి.